శిక్ష పడ్డాక అరవై రోజులు

గంజాయి అమ్మిన కేసులో ఫలానా వాళ్ల అబ్బాయికి శిక్ష పడిందని వినగానే మన సంఘాల్లో మాట అక్కడితో ఆగిపోతుంది. "కోర్టే తేల్చేసింది కదా" అనుకుంటాం. తర్వాతి ఆదివారం నుంచి ఆ ఇంటి పేరు ప్రార్థన మనవుల్లో కూడా వినపడదు. తల్లి మందిరానికి వచ్చినా వెనక వరుసలో కూర్చుని, దీవెన ప్రార్థన ముగియకముందే లేచి వెళ్లిపోతుంది. ఆమెను ఎవరూ ఆపరు, ఏమీ అడగరు.

ప్రియ పాఠకులారా, కింది కోర్టు తీర్పుతో కేసు అయిపోదు. తీర్పు వెలువడిన రోజు నుంచే హైకోర్టుకు అప్పీలు చేసుకునే 60 రోజుల గడువు నడవడం మొదలవుతుంది. ఆ 60 రోజులూ ఆ కుటుంబం సిగ్గుతో తలుపు వేసుకుని ఉంటుంది, మనం మర్యాద కోసం ఆ వీధిలోకి వెళ్లం. గడువు అలాగే దాటిపోతుంది. ఈ నెల మేము రాయదలచుకున్నది దీని గురించే.

ముందుగా ఒక మాట. మత్తు అమ్మకాన్ని మేము చిన్న తప్పుగా చూడడం లేదు. పదోతరగతి పిల్లల చేతికి గంజాయి పొట్లం అందించేవాడు ఎన్ని ఇళ్లు కూలుస్తున్నాడో మన ఊళ్లు చూస్తూనే ఉన్నాయి. అయితే అమ్మినవాడికి శిక్ష పడాలంటే, అమ్మింది ఇతనేనా, దొరికింది ఎంత, అది ఎలా రుజువైంది అనే మూడు ప్రశ్నలకు సరైన జవాబు ఉండాలి. అప్పీలు అంటే ఆ ప్రశ్నలను పై కోర్టు మళ్లీ మొదటినుంచి అడగడం. నేరాన్ని సమర్థించడం వేరు, దాన్ని సరిగ్గా రుజువు చేయమనడం వేరు.

గుడిబండె వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. హైదరాబాదు నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరుకు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి కొడికొండ దగ్గర రాష్ట్రం దాటి బాగేపల్లి మీదుగా సాగుతుంది. పేరేసంద్ర క్రాసు దగ్గర పక్కకు తిరిగితే గుడిబండె కొండా కోటా కనిపిస్తాయి. ఈ రోడ్డు మీద టమాటా లారీలూ పోతాయి, అప్పుడప్పుడు వాటి చాటున మరొకటీ పోతుంది. పట్టుబడేది ఎవరు? సరుకు యజమాని ఎక్కడో ఉంటాడు. దొరికేది డ్రైవరు, క్లీనరు, నాలుగు వేలకు ఆశపడి సంచి మోసిన కుర్రవాడు. లేదంటే కంది చేలో నాలుగు మొక్కలు పెట్టుకున్న, లేదా ఎవరో పెడితే చూసీ చూడనట్టు ఉన్న కూలి రైతు.

వీళ్లందరి మీదా నడిచేది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. గంజాయి విషయంలో ఈ చట్టం తూకాన్ని బట్టి శిక్ష వేస్తుంది. కిలో వరకు ఉంటే ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలకు మించి ఉంటే అది వాణిజ్య పరిమాణం. కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు, దానికి తోడు కనీసం లక్ష రూపాయల జరిమానా. ఈ రెంటికీ మధ్య ఉంటే 10 ఏళ్ల దాకా. వాణిజ్య పరిమాణం అని ఒకసారి తేలితే, న్యాయమూర్తికి ఎంత జాలి కలిగినా పదేళ్లకు తగ్గించే అధికారం లేదు. అందుకే ఈ కేసుల్లో తూకమే ప్రాణం. త్రాసు 19 కిలోలు చూపిందా 21 చూపిందా అన్నదాని మీద ఒక మనిషి యవ్వనమంతా ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ హైదరాబాదు కేసు ఒకటి చెప్పుకోవాలి. 2009 మే నెలలో సంగారెడ్డి వైపు నుంచి హైదరాబాదుకు వస్తున్న ఒక క్వాలిస్ బండిని పోలీసులు ఆపారు. మూడు మూటల్లో 80 కిలోల గంజాయి దొరికిందని కేసు పెట్టారు. నలుగురికి పదేళ్ల చొప్పున శిక్ష పడింది. వారు అప్పీలు చేశారు. 2022 నవంబరులో తెలంగాణ హైకోర్టు శిక్షను ఖాయం చేసింది. చాలామంది అక్కడ ఆగిపోతారు. వారిలో కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2024 మార్చి 1న జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ సందీప్ మెహతా ఆ శిక్షలను రద్దు చేశారు.

ఎందుకు రద్దు చేశారో యువత శ్రద్ధగా చదవాలి. ఆ మూటల్లో గంజాయితోపాటు పచ్చిమిరపకాయలు కూడా ఉన్నాయని సాక్ష్యంలో బయటపడింది. మిరపకాయలను వేరుచేసి తూచలేదు. అలాంటప్పుడు గంజాయి 80 కిలోలు ఉందని ఎలా చెప్పగలరు? పంచనామాలో మిరపకాయల మాటే లేదు. పంచనామా మీద సంతకాలు చేసిన స్వతంత్ర సాక్షులను కోర్టుకు పిలిపించలేదు. చట్టంలోని 52ఎ సెక్షను ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీయాల్సిన పని జరగలేదు. తీసిన నమూనాలు పరీక్షశాలకు చేరేదాకా భద్రంగా ఉన్నాయనడానికి గట్టి రుజువు లేదు. బండిలో లేని ఇద్దరిని, దొరికినవాళ్లు పోలీసుల దగ్గర చెప్పారన్న మాటల ఆధారంగానే ముద్దాయిలను చేశారు. ఆ మాటలు సాక్ష్యంగా చెల్లవని కోర్టు చెప్పింది.

అరెస్టు నుంచి విడుదల తీర్పు దాకా దాదాపు 15 ఏళ్లు పట్టింది. గెలిచారని సంతోషించాలో, ఇన్నేళ్లు పట్టిందని ఏడవాలో తెలియని గెలుపు ఇది. అయినా ఒకటి గమనించండి. పంచనామాలో మిరపకాయల ఊసు లేకపోవడం మొదటి రోజు నుంచీ కాగితాల్లోనే ఉంది. రెండు కోర్టులు దాన్ని దాటుకుని వెళ్లాయి. మూడో కోర్టు ఆగి చదివింది.

మన వైపు పొలం కేసుల్లో ఇలాంటిదే మరో సంగతి ఉంటుంది. చట్టం దృష్టిలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొనలు. ఆ కొనలతో కలిసి లేనప్పుడు ఆకులు, గింజలు గంజాయి కిందికి రావు. చేలో మొక్కలను వేళ్లతో, కాండంతో, అంటుకున్న మట్టితో సహా పీకి కట్టలు కట్టి తూస్తే వచ్చే బరువు వేరు, పూత కొనల బరువు వేరు. మొక్క పెంచడమే నేరం, దానికి పదేళ్ల దాకా శిక్ష ఉంది, ఆ మాట నిజం. కానీ పచ్చి మొక్కల మొత్తం బరువు చూపించి వాణిజ్య పరిమాణం కింద పడేసిన తీర్పు ఏదైనా ఉంటే, దాన్ని అప్పీలులో తప్పక ప్రశ్నించాలి. మహజరులో (ఆంధ్రలో పంచనామా అనేదే ఇక్కడ మహజరు) ఏది తూచారని రాశారో చదవండి. వకీలు చదివాడో లేదో కూడా అడగండి.

అయితే లొసుగు దొరికితే చాలు విడుదల అయిపోతారని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఒంటిమీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందు గానీ, మేజిస్ట్రేటు ముందు గానీ సోదా కోరుకునే హక్కు ఉందని ముందుగా చెప్పి తీరాలని 50వ సెక్షను అంటుంది. 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖచ్చితంగా పాటించాలంది. కానీ సరుకు చేతిసంచిలోనో బండిలోనో దొరికితే ఈ సెక్షను అక్కరకు రాదు. అలాగే 52ఎ పాటించలేదన్న ఒక్క కారణంతో కేసు కూలిపోదని, మిగతా సాక్ష్యం నమ్మదగినదా అని చూడాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మాదకద్రవ్యాల అధికారి ముందు 67వ సెక్షను కింద ఇచ్చిన వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడకూడదని 2020 అక్టోబరులో వచ్చిన తీర్పు మాత్రం చాలామందికి ఉపయోగపడుతుంది. ఎవరి కేసులో ఏది పనికొస్తుందో కాగితాలు చూస్తేనే తెలుస్తుంది. అందుకే తీర్పు నకలు ముఖ్యం.

ఇప్పుడు భాష సంగతికి వద్దాం. గుడిబండె, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కోర్టులో విచారణ కన్నడంలో నడుస్తుంది, తీర్పు చాలాసార్లు ఇంగ్లీషులో వస్తుంది. తెలుగులోనే బతికిన అరవై ఏళ్ల తల్లి ఆ తీర్పును చీర కొంగులో చుట్టుకుని తిరుగుతుంది గానీ అందులో ఏముందో ఆమెకు తెలియదు. శిక్ష పడిన వ్యక్తికి తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలని చట్టం చెబుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 363వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 404వ సెక్షను. ముద్దాయి అడిగితే, వీలైనంత వరకు అతని సొంత భాషలోకి అనువాదం చేసి ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. కర్ణాటకలో ఉన్న తెలుగువాడు తెలుగు అనువాదం అడగవచ్చు. అడిగిన వాళ్లు మాకు ఎక్కువగా కనిపించలేదు. అడగవచ్చని చెప్పేవాళ్లూ లేరు.

నకలు చేతికి అందడం ఎంత పెద్ద విషయమో 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన ఒక తీర్పు చెబుతుంది. అది మత్తు కేసు కాదు, దొంగ డిగ్రీల కేసు. హైకోర్టు తీర్పు నకలు జైలుకు చేరింది గానీ ఖైదీ చేతికి అందినట్టు రుజువు లేదు. అతను సుప్రీంకోర్టుకు వచ్చేసరికి నాలుగేళ్లు దాటింది. అతని పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది. కానీ ఆ సందర్భంలోనే దేశంలోని ఖైదీలందరికీ ఒక హక్కు స్థిరపరిచింది. తీర్పు నకలు ఖైదీకి సకాలంలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. అప్పీలు వేయడానికి జైలు అధికారులు సాయపడాలి. వకీలును పెట్టుకోలేనివాడికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలి.

అప్పీలు దారి ఇలా ఉంటుంది. చిక్కబళ్లాపురంలోని ప్రత్యేక కోర్టు, అంటే జిల్లా సెషన్స్ కోర్టు, శిక్ష వేస్తే అప్పీలు బెంగళూరులోని కర్ణాటక హైకోర్టుకు. గడువు 60 రోజులు. కిలో లోపు కేసుల్లో మేజిస్ట్రేటు కోర్టు శిక్ష వేస్తే సెషన్స్ కోర్టుకు 30 రోజులు. నకలు తెచ్చుకోవడానికి పట్టిన రోజులను గడువులోంచి తీసేస్తారు. గడువు దాటినా తలుపు పూర్తిగా మూసుకోదు. తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు, జైల్లో ఉన్న పేదవాడి ఆలస్యాన్ని కోర్టులు సాధారణంగా అర్థం చేసుకుంటాయి. అయినా ఆ ధైర్యంతో కూర్చోవద్దు.

జైల్లో ఉన్నవాడు వకీలు కోసం ఎదురు చూడనక్కర్లేదు. అప్పీలు పత్రం రాసి జైలు అధికారికి ఇస్తే, ఆయన దాన్ని పై కోర్టుకు పంపాలి. దీన్నే జైలు అప్పీలు అంటారు. ఉచిత వకీలు కోసం తాలూకా కోర్టులో న్యాయ సేవా సమితి, జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవా ప్రాధికారం, హైకోర్టులో దాని న్యాయ సేవా సమితి ఉన్నాయి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ఇక్కడ మన దళిత క్రైస్తవ కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. 1987 న్యాయ సేవల చట్టం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. ఆ అన్యాయం మీద మనం ఎన్నోసార్లు రాశాం, మళ్లీ రాస్తాం. కానీ అదే చట్టంలో, అదే 12వ సెక్షనులో, కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ, ప్రతి స్త్రీకీ ఈ హక్కు ఉంది. కులం సర్టిఫికెట్ లేదని, బాప్తిస్మం తీసుకున్నారని ఎవరైనా వెనక్కి పంపితే, "జైల్లో ఉన్న మనిషి కోసం అడుగుతున్నాం" అని చెప్పండి. ఆ ఒక్క మాట చాలు.

అప్పీలు చేస్తే శిక్ష పెరుగుతుందేమోనన్న భయం పల్లెల్లో బాగా ఉంది. ముద్దాయి తాను వేసుకున్న అప్పీలులో హైకోర్టు శిక్ష పెంచలేదు. ప్రభుత్వం విడిగా అప్పీలు చేస్తే అది వేరే విషయం. మరో భయం, అప్పీలు తేలేలోపు శిక్ష అయిపోతుందని. ఈ భయంలో నిజం ఉంది. హైకోర్టుల్లో క్రిమినల్ అప్పీళ్లు ఏళ్లతరబడి ఉంటాయి. అందుకే అప్పీలుతోపాటే శిక్ష నిలిపివేత కోసం కూడా దరఖాస్తు పెట్టాలి. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 32ఎ సెక్షను ఒకప్పుడు ఆ అధికారాన్నే కోర్టుల నుంచి తీసేసింది. 2000 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. వాణిజ్య పరిమాణం కేసుల్లో 37వ సెక్షను షరతులు ఇప్పటికీ అడ్డం వస్తాయి, నిలిపివేత తేలిగ్గా రాదు. అడగకపోతే అసలే రాదు.

విడుదల రాకపోయినా అప్పీలు వృథా కాదు. లక్ష జరిమానా కట్టలేనివాడు దానికి బదులు మళ్లీ కొన్ని ఏళ్లు జైల్లో ఉండాలని తీర్పులో చివరన ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు. 2007లో ఒక నల్లమందు కేసులో సుప్రీంకోర్టు పదేళ్ల శిక్షను ముట్టుకోలేదు గానీ, జరిమానా కట్టలేకపోతే అనుభవించాల్సిన మూడేళ్లను ఆరు నెలలకు తగ్గించింది. రెండున్నర ఏళ్లంటే ఒక బిడ్డ అంగన్‌వాడీలో చేరి ఎదిగే కాలం.

కొన్ని దారులు మాత్రం మన చేతులతో మనమే మూసుకుంటాం. చిన్న కేసే కదా, ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని ఎవరో చెబితే కుర్రవాడు నేరం ఒప్పేసుకుంటాడు. అలా ఒప్పుకుంటే, శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో తప్ప, తాను నేరం చేయలేదని అప్పీలులో చెప్పుకునే వీలు ఉండదు. ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషను వచ్చినప్పుడు ఆ కాగితం బయటికొస్తుంది. ఒప్పుకునే ముందు ఒక్కరోజు ఆగి న్యాయ సేవా సమితి వకీలును అడగమని చెప్పండి. నిజంగా అలవాటుపడి చిన్న పరిమాణంతో దొరికినవాడైతే, శిక్షకు బదులు చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షను కింద కోర్టుకు ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్స విభాగమే ఉంది. గుడిబండె నుంచి అది సుమారు వంద కిలోమీటర్లు.

గల్ఫుకు వెళ్లే మనవాళ్ల కోసం మరో కేసు. 2019లో ముంబయికి చెందిన ఒక జంట ఖతార్ విమానాశ్రయంలో నాలుగు కిలోల చరస్‌తో దొరికారు. బంధువు ఇచ్చిన పొట్లాన్ని నమ్మి తీసుకెళ్లామని వారు మొత్తుకున్నా పదేళ్లు శిక్ష పడింది. మొదటి అప్పీలు పోయింది. జైల్లోనే ఆమెకు బిడ్డ పుట్టింది. ఇక్కడ తండ్రి ఊరుకోలేదు. అధికారుల చుట్టూ తిరిగి, మోసం చేసినవారి మీద మన దేశంలో కేసు నమోదయ్యేలా చేశారు. 2021 జనవరిలో అక్కడి అత్యున్నత కోర్టు కేసును మళ్లీ విచారించమంది. మార్చి నెలాఖరుకు ఇద్దరూ నిర్దోషులుగా విడుదలయ్యారు. కువైట్‌కో దుబాయ్‌కో బయల్దేరేటప్పుడు ఎవరైనా పచ్చడి సీసా, మందుల పొట్లం ఇస్తే విప్పి చూడకుండా తీసుకోవద్దు. మొహమాటం వద్దు, అమ్మా.

అప్పీలు చేయడం అధికారానికి ఎదురు తిరగడమని, దేవుని మీద భారం వేసి మౌనంగా ఉండాలని కొందరు పెద్దలు అంటారు. అపొస్తలుడైన పౌలు ఫేస్తు ఎదుట నిలబడి, తన కేసును కైసరు విచారించాలని అడిగాడు. అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయం చదవండి. తాను మరణానికి తగిన నేరం చేసి ఉంటే చావుకు వెనుకాడనని కూడా ఆయన అక్కడే చెప్పాడు. అప్పీలు చేసుకోకపోతే ఇతన్ని విడిచిపెట్టేవాళ్లమే అని అగ్రిప్ప తర్వాత అంటాడు. అంటే పౌలుకు ఆ అప్పీలు వల్ల సంకెళ్లు ఇంకా పొడిగాయి, ఓడ ప్రయాణం వచ్చింది, తుపాను వచ్చింది. రోములో ఆయన ఖైదులో ఉంటే ఒనేసిఫోరు అనే విశ్వాసి ఆ సంకెళ్లకు సిగ్గుపడకుండా, ఊరంతా వెదికి ఆయనను కలుసుకున్నాడు. మన సంఘాల్లో ప్రసంగీకులు చాలామంది ఉన్నారు. ఒనేసిఫోర్లు తక్కువ.

గుడిబండె, బాగేపల్లి, చింతామణి సంఘాల కాపరులను, యువజన సహవాసాలను మేము కోరేది ఇది. కన్నడం, ఇంగ్లీషు చదవగలిగిన ఇద్దరు యువతీ యువకులను ప్రతి సంఘం ఈ పనికి కేటాయించాలి. శిక్ష పడిందని తెలిసిన రోజు సాయంత్రమే వాళ్లు ఆ ఇంటికి వెళ్లాలి. తీర్పు నకలు, మహజరు, పరీక్షశాల నివేదిక ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే మర్నాడు కోర్టులో దరఖాస్తు పెట్టించాలి. తీర్పు తేదీని, అక్కడినుంచి 60వ రోజును ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆ ఇంటి గోడకు అంటించాలి. బెంగళూరులో జైలు ములాఖత్‌కు ఆ తల్లి ఒంటరిగా బస్సెక్కకుండా చూడాలి. పిల్లల బడి ఫీజు ఆగిందేమో అడగాలి. ఇవేవీ పెద్ద డబ్బుతో జరిగే పనులు కావు. క్రిస్మస్ లైట్లకు పెట్టే ఖర్చులో పావువంతు కూడా కావు.

ఇప్పటికే శిక్ష పడి, గడువు దాటిపోయిన కుటుంబాలు కూడా మన మధ్య ఉన్నాయి. వాళ్ల దగ్గరికి ఈ వారమే వెళ్లండి. ఆలస్య మన్నింపు దరఖాస్తులో, ఇన్నాళ్లూ ఎందుకు రాలేకపోయారో ఉన్నది ఉన్నట్టు రాయించండి. చదువు లేదని, భాష తెలియదని, చెప్పేవారు లేరని.